ఖజానా సొమ్ముకు గుట్టు ఎందుకు?

కష్టకాలంలో ప్రభుత్వం ఖజానా తలుపులు తెరవడం మంచిదే. అది దాని విధి కూడా. అయితే ఆ తలుపులోంచి ఎవరు లోపలికి వెళ్లారు, ఎవరు ఎంత మూట మోసుకుని బయటికి వచ్చారు అని చూసే హక్కు, ఆ ఖజానాను నింపిన జనానికి ఉన్నదా, లేదా? కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం తన రైతులకు చేసిన సాయం కథ చదివినప్పుడల్లా మాకు ఈ ప్రశ్నే ఎదురవుతున్నది. అది ఎక్కడో దూరదేశపు రైతుల గొడవ అని పాఠకులు పక్కకు పెట్టవద్దని మా మనవి. ఖజానా ఎక్కడైనా ఖజానాయే. పన్ను కట్టేవాడి చెమట ఎక్కడైనా ఉప్పగానే ఉంటుంది.

2020 మార్చి, ఏప్రిల్ నెలలను ఒకసారి గుర్తు చేసుకుందాం. అమెరికాలో బడులు, హోటళ్లు మూతబడ్డాయి. పాలు కొనేవారు లేరు. విస్కాన్సిన్ వంటి రాష్ట్రాలలో రైతులు పితికిన పాలను పితికినట్టే పారబోశారు. రోజుకు 37 లక్షల గాలన్ల వరకు, అంటే దాదాపు కోటీ 40 లక్షల లీటర్ల పాలు నేలపాలవుతున్నాయని అక్కడి అతి పెద్ద పాడి సహకార సంఘం అంచనా వేసింది. మాంసం కర్మాగారాలలో కార్మికులకు వందల సంఖ్యలో కరోనా సోకింది. దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్ పట్టణంలో, దేశపు పంది మాంసంలో నూటికి నాలుగైదు పాళ్లు ఒక్కటే తయారుచేసే కర్మాగారం ఏప్రిల్‌లో మూతపడింది. పశువులను పెంచినవారికి అమ్మే దారి లేదు, మేపే స్తోమతు లేదు. ఒకవైపు ఆహారాన్ని మట్టిపాలు చేస్తుంటే, మరోవైపు ఉచిత ఆహార కేంద్రాల ముందు మైళ్ల పొడవున కార్లు బారులు తీరాయి.

ఈ స్థితిలో ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుంటే అది నేరమే అయ్యేది. అమెరికా ప్రభుత్వం అలా కూర్చోలేదు. ఆ మాట ముందుగా ఒప్పుకోవాలి.

ఎంత ఇచ్చారు, ఎలా ఇచ్చారు?

2020 మార్చి 27న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన కేర్స్ చట్టం ద్వారా వ్యవసాయ శాఖకు రైతుల సాయం కోసం 950 కోట్ల డాలర్లు కేటాయించారు. 1933 నుంచి ఉన్న కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ నిధులను దానికి జోడించి, ఏప్రిల్ 17న వ్యవసాయ మంత్రి సోనీ పెర్డ్యూ 1,900 కోట్ల డాలర్ల పథకాన్ని ప్రకటించారు. అందులో 1,600 కోట్లు రైతులకు నేరుగా నగదు. మిగతా 300 కోట్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పేదలకు పెట్టెలలో పంచడానికి. సెప్టెంబరులో రెండో విడతగా మరో 1,400 కోట్ల డాలర్ల వరకు ఇస్తామన్నారు. 2020, 2021 సంవత్సరాలలో ఈ ఒక్క పథకం కిందనే సుమారు 3,100 కోట్ల డాలర్లు చెల్లించారు. అన్ని పథకాలూ కలిపి చూస్తే 2020లో అమెరికా రైతులకు ప్రభుత్వం నేరుగా చెల్లించిన మొత్తం సుమారు 4,600 కోట్ల డాలర్లు. అప్పటివరకు ఆ దేశ చరిత్రలో ఏ సంవత్సరమూ అంత ఇచ్చింది లేదు.

ఇక ఇచ్చిన పద్ధతి చూద్దాం. మొదటి విడతలో సాయాన్ని తలకింత, బుషెల్‌కింత అని లెక్కగట్టారు. జనవరి 15కు, ఏప్రిల్ 15కు మధ్య అమ్మిన బలిసిన పశువుకు తలకు 214 డాలర్లు. ఈ లెక్కను పాఠకులే వేసి చూడవచ్చు. పది పశువులు అమ్ముకున్న చిన్న రైతుకు 2,140 డాలర్లు. వెయ్యి పశువులు అమ్మిన ఆసామికి 2 లక్షల 14 వేల డాలర్లు. నష్టం ఎక్కువైన వాడికి సాయం ఎక్కువ అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పెద్ద కమతంవాడికి బ్యాంకు ఉంది, పరపతి ఉంది, నిల్వ చేసుకునే గిడ్డంగి ఉంది. పది పశువులవాడికి ఉన్నది ఆ పది పశువులే. నష్టాన్ని కొలిచే తూకంరాళ్లు, అవసరాన్ని కొలిచే తూకంరాళ్లు ఒకటి కావు. అమెరికా ప్రభుత్వం మొదటి రకం రాళ్లనే వాడింది.

పరిమితి పెట్టలేదా అంటే, పెట్టారు. ఒక మనిషికి 2 లక్షల 50 వేల డాలర్లకు మించి ఇవ్వరాదన్నారు. అయితే కంపెనీగా నమోదైన కమతంలో ముగ్గురు వాటాదారులు ఒక్కొక్కరు ఏడాదికి 400 గంటలు శ్రమ గానీ, పర్యవేక్షణ గానీ చేశామని చూపిస్తే 7 లక్షల 50 వేల వరకు తీసుకోవచ్చు. పర్యవేక్షణ అనే మాటకు కొలత ఎక్కడుంది? పొలం గట్టు మీద నిలబడినా పర్యవేక్షణే, పట్నంలో ఫోను పట్టుకుని కూర్చున్నా పర్యవేక్షణే. చట్టం అన్నాక సందులు ఉంటాయి. ఆ సందుల్లోంచి ఎవరు దూరారో కనిపెట్టగలిగేది, పేర్లు బయట ఉన్నప్పుడే.

ఎవరికి అందలేదు?

సాయం ఎవరికి అందింది అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎవరికి అందలేదు అన్నదీ అంతే ముఖ్యం. నిజానికి జాబితా చేసే గొప్ప మేలు ఇదే. అందులో ఉన్న పేర్లు ఒక కథ చెబితే, లేని పేర్లు అంతకంటే పెద్ద కథ చెబుతాయి.

కోళ్ల కంపెనీలకు ఒప్పందం మీద కోళ్లు పెంచేవారి సంగతి చూడండి. కోళ్లు కంపెనీవి, షెడ్డు రైతుది, ఆ షెడ్డు మీది అప్పూ రైతుదే. కోళ్లు వారి సొంతం కాదు కనుక మొదట్లో వారికి సాయం లేదన్నారు. తర్వాత 2020 డిసెంబరులో చేసిన చట్టంతో గానీ వారికి దారి తెరుచుకోలేదు. పొలాలలో పళ్లు, కూరలు కోసే కూలీల సంగతి ఇంకా కనాకష్టం. వారిని అత్యవసర సేవకులు అన్నారు, మహమ్మారి మధ్యలో పనికి రమ్మన్నారు. కానీ రైతుల నగదు పథకంలో వారికి వాటా లేదు. 2021 సెప్టెంబరులో వారి కోసం ప్రకటించిన సహాయ పథకం కింద మనిషికి దక్కింది 600 డాలర్లు. ఒకే మహమ్మారి, ఒకే పొలం. గట్టు మీద ఉన్నవాడికి 2 లక్షల 50 వేల వరకు, మడిలో ఉన్నవాడికి 600.

నల్లజాతి రైతుల ఉదంతం మరీ కలచివేసేది. 1920లో అమెరికాలో 9 లక్షలకు పైగా నల్లజాతి సాగుదారులు ఉండేవారు. 2017 వ్యవసాయ గణన నాటికి వారు 50 వేలకు లోపే మిగిలారు. అప్పులు ఇవ్వడంలో వ్యవసాయ శాఖ కార్యాలయాలు దశాబ్దాల తరబడి చూపిన వివక్ష దీనికి ఒక ప్రధాన కారణమని చెప్పి వారు కోర్టుకు వెళ్లగా, 1999లో ప్రభుత్వం రాజీకి వచ్చి పరిహారానికి ఒప్పుకోవలసి వచ్చింది. 2021లో మళ్లీ వ్యవసాయ మంత్రి అయిన టామ్ విల్సాక్ ఒక లెక్క బయటపెట్టారు. అంతకుముందు ప్రభుత్వం రెండు విడతలలో పంచిన దాదాపు 2,600 కోట్ల డాలర్ల కరోనా సాయంలో నల్లజాతి రైతులకు చేరింది 2 కోట్ల 8 లక్షల డాలర్లు. అంటే వెయ్యి డాలర్లు పంచితే ఒక డాలరు కూడా పూర్తిగా చేరలేదు.

ఈ లెక్క బయటికి వచ్చాకనే అక్కడ చర్చ మొదలైంది. 2021 మార్చిలో వారితోపాటు వివక్షకు గురైన ఇతర వర్గాల రైతుల అప్పులు తీర్చేందుకు సుమారు 400 కోట్ల డాలర్లతో చట్టం చేశారు. తెల్లజాతి రైతులు కోర్టుకు వెళ్లగా ఆ చెల్లింపులు ఆగిపోయాయి. 2022 ఆగస్టులో ఆ నిబంధనను రద్దు చేసి, జాతితో ముడిపెట్టకుండా, వివక్షకు గురైనట్టు చూపిన వారికి సాయం అనే కొత్త పద్ధతి తెచ్చారు. దాని కింద 2024 జులైలో 43 వేల మందికి పైగా సుమారు 200 కోట్ల డాలర్లు ఇస్తున్నట్టు ప్రకటించారు. ఆ పరిష్కారం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అంకె బయటపడకపోతే ఆ చర్చే లేదు. చీకట్లో జరిగిన పంపకంలో అన్యాయం జరిగిందని ఫిర్యాదు చేయడానికైనా ఆధారం దొరకదు.

పేర్ల కోసం పోరాటం

ఇక అసలు విషయానికి వద్దాం. రైతుల నగదు పథకంలో ఏ రాష్ట్రానికెంత, ఏ పంటకెంత అనే మొత్తాలను వ్యవసాయ శాఖ అప్పటికప్పుడు ప్రకటిస్తూనే వచ్చింది. కానీ ఎవరికెంత అన్నది తెలుసుకోవడానికి పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు 1966 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం కింద దరఖాస్తులు పెట్టుకోవలసి వచ్చింది.

చిన్న వ్యాపారాల జీతాల కోసం పెట్టిన మరో పథకంలో అయితే గుట్టు ఇంకా ఎక్కువ. దాదాపు 80 వేల కోట్ల డాలర్ల ఆ పథకంలో కమతాలకు కూడా డబ్బు అందింది. తిరిగి కట్టనక్కరలేని షరతులతో ఇచ్చిన అప్పులవి. అంటే నియమాలు పాటిస్తే చివరకు దానమే. తీసుకున్నవారి పేర్లు వ్యాపార రహస్యాలని, వాటిని వెల్లడించబోమని 2020 జూన్‌లో ఆర్థిక మంత్రి స్టీవెన్ మ్నూచిన్ అన్నారు. విమర్శలు చెలరేగాక జులైలో లక్షా 50 వేల డాలర్లకు పైబడిన అప్పులు తీసుకున్నవారి పేర్లు మాత్రం చెప్పారు. అప్పుడు కూడా కచ్చితమైన మొత్తం చెప్పలేదు, ఇంత నుంచి ఇంత వరకు అని ఊరుకున్నారు. వార్తాసంస్థలు కోర్టుకు వెళ్లాయి. నవంబరులో న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ అన్ని పేర్లూ, అన్ని మొత్తాలూ ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పారు. డిసెంబరు 1న పూర్తి జాబితా బయటికి వచ్చింది.

వచ్చాక ఏమైంది? 2021 మే నెలలో ప్రోపబ్లికా అనే పరిశోధక వార్తాసంస్థ ఆ జాబితాను జల్లెడ పట్టింది. ఆన్‌లైన్‌లో అప్పులిచ్చే ఒకే ఒక్క సంస్థ ద్వారా 378 అప్పులు, మొత్తం 70 లక్షల డాలర్లు, అసలు లేనే లేని వ్యాపారాలకు వెళ్లినట్టు తేలింది. వాటిలో ఎక్కువ భాగం కాగితం మీది కమతాలు. న్యూజెర్సీ సముద్రపు ఒడ్డున ఇసుకదిబ్బ మీద ఉన్న ఇంటి చిరునామాతో ఒక పశువుల మంద. గడ్డకట్టే చలి రాష్ట్రమైన మిన్నెసోటాలో ఒక నారింజ తోట! ఆ ఇళ్లలో ఉండేవారికి తమ పేరు మీద కమతం ఉన్నట్టే తెలియదు. ఎవరో దొంగలు వారి పేర్లు వాడుకున్నారు.

ఇక్కడ పాఠకులు ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఆ నారింజ తోటను పట్టుకున్నది ఏ అధికారీ కాదు. అప్పు ఇచ్చినవాడికి అనుమానం రాలేదు, మంజూరు చేసిన శాఖకు రాలేదు. చలిదేశంలో నారింజలు కాయవని తెలిసిన మామూలు మనిషి కంట ఆ కాగితం పడినప్పుడే అది దొంగ కాగితమని తేలింది. ప్రభుత్వానికి వెయ్యి కళ్లు ఉన్నా, ఊరి సంగతి తెలిసినవాడి రెండు కళ్ల ముందు అవి చాలవు. జాబితాను ప్రకటించడం అంటే ఆ రెండు కళ్లను పనిలో పెట్టుకోవడమే. దానికి జీతం కూడా ఇవ్వనక్కరలేదు.

పేదలకు ఆహారపు పెట్టెలు పంచే పథకంలోనూ ఇదే జరిగింది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో పెళ్లిళ్లు, వేడుకలు ఏర్పాటు చేసే ఒక సంస్థకు సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. కాంట్రాక్టర్ల పేర్లు ప్రకటించారు కనుక విలేకరులు వెంటనే ప్రశ్నించారు. ఆహారం సరఫరాలో అనుభవం ఏమిటని అడిగారు. మొదటి విడత ముగిశాక ఆ కాంట్రాక్టును పొడిగించలేదు. పేరు తెలిస్తేనే ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుడితేనే జవాబు వస్తుంది.

పాత పాఠాలు

ఇది కరోనాతో మొదలైన గొడవ కాదు. పత్తి రైతులకు ఇచ్చిన సబ్సిడీల వివరాల కోసం వాషింగ్టన్ పోస్ట్ పత్రిక వ్యవసాయ శాఖ మీద కోర్టుకు వెళ్లి 1996లో గెలిచింది. 2001లో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ సబ్సిడీ తీసుకున్నవారి పేర్లను ఎవరైనా వెతుక్కునే విధంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. దానితో ఇరుగు పొరుగు రైతులు ఒకరి లెక్క ఒకరు చూసుకోగలిగారు. 2006లో అదే పత్రిక, అసలు వ్యవసాయమే చేయనివారికి 2000 సంవత్సరం నుంచి కనీసం 130 కోట్ల డాలర్లు వెళ్లాయని రాసింది. 2007లో అక్కడి పార్లమెంటు తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ, 1999 నుంచి 2005 వరకు లక్షా 72 వేల మందికి పైగా చనిపోయినవారి పేర్ల మీద 110 కోట్ల డాలర్లు చెల్లించారని తేల్చింది. వాటిలో కొన్ని వారసుల ఆస్తి తెగేదాకా చట్టం ప్రకారం ఇవ్వదగినవే కావచ్చు. కానీ అవి ఏవో, ఇవి ఏవో వ్యవసాయ శాఖ సరిగా పరిశీలించలేదన్నది ఆ సంస్థ ఆక్షేపణ.

అదే తనిఖీ సంస్థ 2022 సెప్టెంబరులో కరోనా సాయం మీద కూడా నివేదిక ఇచ్చింది. రైతులు తమ సరుకు గురించి తామే రాసిచ్చిన అంకెలను నమ్మి డబ్బు ఇచ్చారని, ఆ తర్వాత చేసిన తనిఖీ చాలినంత గట్టిగా లేదని, దానిని కట్టుదిట్టం చేయాలని చెప్పింది. ఆపద సమయంలో వేగంగా ఇవ్వాలి. అది మేమూ ఒప్పుకుంటాం. ఆకలిగొన్నవాడి ముందు పది పత్రాలు పెట్టి సంతకాలు అడగడం క్రూరత్వం. కానీ ముందు తనిఖీ చేసే వ్యవధి లేనప్పుడు, తర్వాత వెల్లడించే బాధ్యత రెట్టింపు అవుతుంది. తొందరలో ఇచ్చినదానికి తీరికగా లెక్క చెప్పాలి.

రైతు మర్యాద మాటేమిటి?

ఇక్కడ ఒక ధర్మసందేహం ఉంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. సాయం తీసుకున్నవాడి పేరు ఊరందరి ముందు చదవడం అతనిని చిన్నబుచ్చడం కాదా? కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దలు చెప్పారు కదా?

ఆ మాట అక్షరాలా నిజం. అయితే అది మన సొంత జేబులోంచి ఇచ్చే దానానికి చెప్పిన మాట. అక్కడ గుట్టు పుచ్చుకునేవాడి మర్యాదను కాపాడుతుంది, ఇచ్చేవాడిని ఆడంబరం నుంచి కాపాడుతుంది. ఖజానా సొమ్ము ఎవరి సొంతమూ కాదు. అది జనం అధికారి చేతిలో పెట్టిన అమానతు. అమానతును చేతపట్టుకున్నవాడు లెక్క రహస్యమని అనడానికి వీలులేదు. దానంలో గుట్టు సద్గుణం. ఖజానాలో గుట్టు అనుమానానికి తావు.

ఐరోపాలో ఈ సందేహం కోర్టు దాకా వెళ్లింది. ఐరోపా సమాఖ్య వ్యవసాయ సాయం అందుకున్న ప్రతివారి పేరూ ప్రకటించాలన్న నియమం మీద జర్మనీలోని హెస్సె రాష్ట్ర రైతులు అభ్యంతరం చెప్పారు. 2010 నవంబరు 9న ఐరోపా న్యాయస్థానం, వ్యక్తుల విషయంలో ఆ నియమం హద్దు మీరిందని కొట్టివేసింది. ఎంత తీసుకున్నారు, ఎంతకాలం తీసుకున్నారు అన్న తేడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టడం తగదన్నది. అప్పుడు ఐరోపా పాలకులు ఏంచేశారు? జాబితాను మూసిపెట్టి ఊరుకోలేదు. 2013లో కొత్త నియమం తెచ్చారు. చిన్న రైతుల పథకంలో 1,250 యూరోల లోపు తీసుకునేవారి పేర్లు దాచవచ్చు. అంతకు మించితే ప్రకటించాలి. మర్యాద అవసరమైనవాడికి మర్యాద, లెక్క చెప్పవలసినవాడు లెక్క. మాకు ఈ మార్గం సమంజసంగా తోస్తున్నది.

అమెరికాలోనూ 2008 వ్యవసాయ చట్టం ఇటువంటి గీతే ఒకటి గీసింది. రైతు తన కమతం గురించి ప్రభుత్వానికి ఇచ్చిన సాగు వివరాలు, పొలం పటాల సమాచారం గోప్యమన్నది. కానీ చెల్లింపుల మొత్తం, తీసుకున్నవారి పేరు, చిరునామా వెల్లడించడానికి అడ్డులేదని అదే చట్టంలో రాసిపెట్టారు. పొలంలో ఏముందో రైతు సొంత విషయం. ఖజానా నుంచి ఏం వచ్చిందో అందరి విషయం. ఈ రెండింటి మధ్య తేడా తెలియనంత అమాయకులు మంత్రులలో ఉండరు. తెలియనట్టు నటించేవారు ఉంటారు.

పేరు ఉంటే చాలదు

పేర్ల జాబితా ఒక్కటే అన్ని రోగాలకూ మందు అని మేము అనడం లేదు. జాబితాలో కంపెనీ పేరు ఉంటుంది, ఆ కంపెనీ వెనుక ఉన్న మనుషులు ఉండరు. ఒకే కుటుంబం నాలుగు పేర్లతో నాలుగు సంస్థలు నమోదు చేసుకుంటే చూసేవారికి నలుగురు రైతులు కనిపిస్తారు. కమతం ఎంత పెద్దదో, నష్టం ఎంతో, అంతకుముందు వేరే పథకాలలో ఎంత తీసుకున్నారో ఒకచోట కనిపించకపోతే పేరు చదివి లాభం తక్కువ. జాబితా రెండేళ్లు ఆలస్యంగా, కంప్యూటరు నిపుణుడు తప్ప ఎవరూ విప్పలేని రూపంలో వస్తే అది వెల్లడించినట్టూ కాదు, దాచినట్టూ కాదు. కనుక కోరవలసినవి నాలుగు. ఆలస్యం లేకుండా ప్రకటించాలి. కంపెనీల వెనుక ఉన్న అసలు యజమానులను చూపాలి. అన్ని పథకాల మొత్తాన్నీ ఒక్కచోట చేర్చాలి. చిన్న మొత్తాలు తీసుకున్న బీద రైతును వేలెత్తి చూపకుండా ఒక హద్దు పెట్టాలి.

మన ఇంటి మాట

ఇంత దూరం వెళ్లి వచ్చాక మన గడప వైపు చూడకపోతే తప్పు. మన 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, సబ్సిడీ పథకాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని చెబుతున్నది. ఈ విషయంలో మన చట్టం అమెరికా చట్టానికి తీసిపోదు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిపి, మస్టర్ రోల్‌ను ఊరివారి ముందు చదివి వినిపించినప్పుడు, పని చేయనివారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు బయటపడ్డాయి. వాటిని పట్టుకున్నది చదువుకున్న ఆడిటర్లు కాదు, పలుగు పట్టిన కూలీలు.

కరోనా వచ్చిన 2020 ఏప్రిల్‌లో కేంద్రం పీఎం కిసాన్ కింద రైతు కుటుంబాలకు రెండు వేల రూపాయల వాయిదాను ముందుగా వేసింది. ఆ పథకపు లబ్ధిదారుల పేర్లు గ్రామాలవారీగా చూసుకునే వీలు ఉంది. అది మెచ్చదగినదే. అయినా అర్హత లేని సుమారు 42 లక్షల మందికి డబ్బు చేరిందని 2021లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పుకోవలసి వచ్చింది. జాబితా గోడ మీద ఉన్నా, దానిని చదివేవాడు లేకపోతే అది గోడకు వేసిన సున్నంతో సమానం. ఇక భూమి పట్టా ఉన్నవాడికే ఇచ్చే పథకాలలో కౌలు రైతు పేరు వెతికినా దొరకదు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధులో ఎకరాలకు పైపరిమితి ఉండేది కాదు, కౌలుదారుకు చోటు ఉండేది కాదు. అమెరికాలో కోళ్ల షెడ్డు రైతుకు, పొలం కూలీకి జరిగినదే ఇక్కడ కౌలుదారుకూ జరిగింది. జాబితాలో లేని పేర్లు చెప్పే కథ అంటే ఇదే.

అందుకని పాఠకులకు మేము చెప్పేది ఒక్కటే. మీ ఊరి పంచాయతీ గోడ మీదనో, రైతు సేవా కేంద్రంలోనో లబ్ధిదారుల జాబితా అంటిస్తే ఒకసారి ఆగి చదవండి. మీ పేరు ఉన్నదో లేదో చూసుకుని వెళ్లిపోకండి. పక్కింటి కౌలుదారు పేరు ఉందా, చనిపోయిన తాతగారి పేరు ఇంకా ఉందా, ఊరు విడిచి వెళ్లి పట్నంలో స్థిరపడిన కామందు పేరు ఉందా అని చూడండి. జాబితా అంటించకపోతే ఎందుకు అంటించలేదని అడగండి. అడగడం పగ తీర్చుకోవడం కాదు. ఎవరి కంచంలోనో మట్టికొట్టడమూ కాదు. అందవలసినవాడికి అందేలా చూడడమే.

మిన్నెసోటా చలిలో కాసిన ఆ నారింజలు మన ఊళ్లలో కూడా కాయగలవు. అవి కాయకుండా చూసే తోటమాలులం మనమే.